కొరియా రాజదర్బారులో బట్టల పోరు.. అరకు కొండల్లో ‘కెరంగ్’ కథ.. ఈ రెండింటికీ లింకేంటి?

రాజుగారి అంగీ మీద డ్రాగన్‌కు 5 గోళ్లు. యువరాజు అంగీ మీద 4. యువరాజు పెద్ద కొడుక్కి 3. ఒక్క గోరు ఎక్కువ కుట్టినా హద్దు దాటినట్టే లెక్క. కొరియన్ పీరియడ్ డ్రామాలు చూసేవాళ్లకు ఈ పట్టింపులు కొత్త కాదు. దర్బారులో ఎవరు ఏ రంగు కట్టాలి, ఎవరి జడ ఎంత ఎత్తు ఉండాలి, ఎవరి కొంగు ఎంత పొడవు ఉండాలి అన్న దాని మీదే అక్కడ కథలు నడుస్తుంటాయి.

మరి మన దగ్గర? అరకులోయ చుట్టుపక్కల కొండల్లోనూ బట్టకు ఇలాంటి కథే ఉంది. ఇక్కడా ఒక రాజ్యం ఉండేది, గద్దె ఉండేది. ఆ రాజుల పల్లకీలు మోసిన తెగ కూడా ఉంది. ఆ తెగ ఆడవాళ్లు అడవి నారతో తామే నేసి కట్టుకున్న చారల బట్ట పేరే కెరంగ్. ఒకప్పుడు దూరం నుంచి చూసి ‘ఈమె గదబ ఆడపడుచు’ అని గుర్తుపట్టేది ఆ బట్టను బట్టే. ఇప్పుడు ఒంటి మీద కెరంగ్ కనిపించడం చాలా అరుదు.

అసలు దర్బారు బట్టల గొడవేంటి? కెరంగ్ ఎలా తయారవుతుంది? ఎందుకు తగ్గిపోయింది? ఒక్కొక్కటిగా చూద్దాం.

‘ది రాయల్ టైలర్’లో ఏముంది?

దర్బారు బట్టల మీద కొరియాలో వచ్చిన సినిమాల్లో బాగా తెలిసింది ‘ది రాయల్ టైలర్’. 2014 డిసెంబర్‌లో రిలీజైంది. దర్శకుడు లీ వోన్-సుక్. దీని కొరియన్ పేరు ‘సాంగుయివోన్’. జోసన్ రాజ్యంలో రాజకుటుంబానికి బట్టలు, నగలు సిద్ధం చేసే శాఖ పేరు అది. అంటే బట్టలు కుట్టడానికి కూడా ప్రభుత్వంలో ఒక ఆఫీసు ఉండేదన్నమాట.

కథ సింపుల్‌గా చెప్పాలంటే ఇద్దరు దర్జీల పోటీ. జో డోల్-సోక్ 30 ఏళ్లుగా దర్బారు దర్జీ. పుట్టుక తక్కువ. ఇంకో ఆరు నెలలు ఆగితే పెద్దింటి హోదా దక్కుతుంది. సరిగ్గా అప్పుడే రాజుగారి అంగీ ఒకటి పాడవుతుంది. దాన్ని రాత్రికి రాత్రి కుట్టి ఇవ్వడానికి లీ గాంగ్-జిన్ అనే కుర్రాడు దర్బారులోకి వస్తాడు. పాత కొలతలు, పాత రూల్స్ డోల్-సోక్‌వి. ఒంటికి నప్పేలా, చూడగానే కళ్లు తిప్పుకోలేనట్టు కుట్టడం గాంగ్-జిన్ స్టైల్. హాన్ సుక్-క్యూ, గో సూ ఈ రెండు పాత్రలు చేశారు. రాణిగా పార్క్ షిన్-హే, రాజుగా యూ యోన్-సోక్ నటించారు.

పైకి చూస్తే ఇది టాలెంట్ పోటీ. లోపల ఉన్నది వేరే. 30 ఏళ్లు రాజులకు బట్టలు కుట్టినవాడికి ఆ బట్టలు తాను తొడుక్కునే అర్హత మాత్రం లేదు. ఆ అర్హత కోసమే అతను అన్ని రూల్సూ పాటిస్తూ వచ్చాడు. రూల్స్ పట్టించుకోని కుర్రాడికి ఒక్క రాత్రిలో పేరు వచ్చేసరికి తట్టుకోలేకపోతాడు.

దీనికి ముందు 2013లో ‘జాంగ్ ఓక్-జంగ్’ అనే సీరియల్ కూడా వచ్చింది. కిమ్ తే-హీ హీరోయిన్. రాజు సుక్‌జోంగ్ కాలంలో రాణి స్థానం దాకా ఎదిగి, 1701లో మరణశిక్షకు గురైన జాంగ్ హుయి-బిన్ కథ అది. ఆమెను బట్టలు డిజైన్ చేసే అమ్మాయిగా చూపించడం ఆ సీరియల్ స్పెషాలిటీ.

జోసన్‌లో బట్టకు అంత పట్టింపు ఎందుకు?

జోసన్ రాజ్యం 1392లో మొదలై దాదాపు ఐదు శతాబ్దాలు నడిచింది. అక్కడ మనిషి స్థాయి బట్ట చూస్తే తెలిసిపోవాలి. రాజు ఎర్ర అంగీ తొడిగేవాడు. పసుపు ఎందుకు కాదు? పసుపు చైనా చక్రవర్తి రంగు కాబట్టి. 1897లో గోజోంగ్ తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకున్నాకే పసుపు అంగీ తొడిగాడు. ‘మేం ఇప్పుడు ఎవరి కిందా లేం’ అని ప్రపంచానికి చెప్పడానికి ఆ రంగు పనికొచ్చింది.

ఆడవాళ్ల సింగారం మీదా రాజశాసనాలు ఉండేవి. పెద్దింటి ఆడవాళ్లు పెద్ద పెద్ద సవరాలు పెట్టుకుని కొప్పులు ఎత్తుగా కట్టేవాళ్లు. సవరాల ఖర్చు ఇళ్లను ముంచుతోందని 1756లో రాజు యోంగ్‌జో వాటిని నిషేధించాడు. ఫలితం లేకపోయింది. 1788లో మనవడు జోంగ్‌జో మళ్లీ నిషేధం పెట్టాల్సి వచ్చింది. ఒకే విషయం మీద రెండుసార్లు ఆర్డర్ ఇచ్చారంటే మొదటిసారి ఎవరూ వినలేదనేగా అర్థం!

ఇందులో ఇంకో ఇంట్రెస్టింగ్ సంగతి ఉంది. మామూలు జనానికి దర్బారు బట్టలు నిషిద్ధం. కానీ పెళ్లిరోజు మాత్రం మినహాయింపు. ఆ ఒక్కరోజు వరుడు అధికారి వేషంలో, వధువు రాజకుమారి వేషంలో ఉండొచ్చు. మర్నాటికి మళ్లీ మామూలే.

మన దర్బారుల్లోనూ అంతే..

ఇదంతా కొరియా గోల, మనకెందుకు అనుకోవద్దు. తెలుగు కవులకూ ఈ బాధ తప్పలేదు. కవిసార్వభౌముడు శ్రీనాథుడు 15వ శతాబ్దంలో విజయనగరం వెళ్లాడు. అప్పుడు అక్కడ రాజు రెండో దేవరాయలు. ఆ దర్బారులోకి వెళ్లాలంటే తలకు పొడుగాటి కుళ్లాయి పెట్టాలి, ఒంటికి పొడవు అంగీ తొడగాలి. ఈ వేషం వేయాల్సి వచ్చిందని శ్రీనాథుడు వాపోయినట్టు ఆయన పేరు మీద ఒక చాటువు ప్రచారంలో ఉంది. ఆ దర్బారులోనే ఆయన గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి కంచుఢక్కా పగలగొట్టించాడని సాహిత్య సంప్రదాయం చెబుతోంది. పోటీ, దర్బారు, బట్ట.. మూడూ ఉన్నాయి కదా!

తిరుమల గుడిలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం చూసినవాళ్లకు ఆ పొడుగు టోపీ గుర్తుండే ఉంటుంది. లేపాక్షి చిత్రాల్లోనూ ఇలాంటి టోపీలు కనిపిస్తాయి. ఈ టోపీ, అంగీ పశ్చిమం నుంచి సుల్తానుల దర్బారుల మీదుగా ఇక్కడికి వచ్చినవే. చుట్టుపక్కల పెద్ద రాజ్యాలు ఏం తొడుగుతున్నాయో అదే తొడిగి ‘మేమూ మీ సమానమే’ అని చెప్పుకోవడం అప్పటి పద్ధతి.

మొఘలులు, నిజాముల కాలానికి వస్తే ఖిలత్ ఉంది. రాజు మెచ్చి ఇచ్చే బట్టల జత అది. దాన్ని ఒంటి మీద వేసుకుంటే రాజుకు విధేయుడైనట్టే. ఇప్పుడు మన సభల్లో కప్పే శాలువాకూ దాదాపు అదే అర్థం.

అరకు అవతలే నందపూర్ గద్దె

ఇప్పుడు కొండల్లోకి వద్దాం. అరకు నుంచి ఒడిశా సరిహద్దు దాటితే పాడువా, అది దాటితే నందపూర్. ఇప్పుడు చిన్న ఊరే. కానీ జయపురం రాజుల మొదటి రాజధాని ఇదే. 32 మెట్ల సింహాసనం ఆనవాళ్లు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. 17వ శతాబ్దంలో రాజధాని జయపురానికి మారింది.

‘అది ఒడిశా కదా, మనకేంటి సంబంధం?’ అని అడగొచ్చు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ కాలేజీకి జయపురం విక్రమదేవ్ పేరు ఉందంటే కారణం అదే. యూనివర్సిటీకి భారీగా విరాళాలు ఇచ్చిన విక్రమదేవ వర్మ జయపురం రాజు. మ్యాపులో గీత తర్వాత పడింది. కొండలు, సంతలు, చుట్టరికాలు మాత్రం గీతకు ముందు నుంచీ ఒకటే.

గదబలు ఈ కొండల్లోని పాత తెగల్లో ఒకరు. గోదావరి తీరం నుంచి వచ్చి నందపూర్ దగ్గర స్థిరపడ్డామని వాళ్ల పెద్దలు చెప్పుకునే కథ. వీరిలో గుతోబ్ మాట్లాడేవాళ్లు ఉన్నారు. అది తెలుగు, ఒడియాలతో సంబంధం లేని ముండా కుటుంబపు భాష. ద్రావిడ కుటుంబానికి చెందిన ఒల్లారి మాట్లాడే గదబలూ ఉన్నారు. బోడో గదబ, గుతోబ్ గదబలను ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా వెనకబడిన గిరిజన సమూహాల జాబితాలో చేర్చారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, చుట్టుపక్కల మండలాల్లో వీళ్ల ఊళ్లు ఉన్నాయి.

దర్బారుతో గదబలకు ఉన్న బంధం ఏంటంటే.. పల్లకీ. ఈ కొండ దారుల్లో పెద్దవాళ్ల పల్లకీలు మోసింది వీళ్లే. బ్రిటిష్ కాలంలో ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో ఒక తమాషా సంగతి రాశాడు. గదబలు గుర్రాన్ని ముట్టుకోరట. ఎందుకంటే పల్లకీ మోసేవాడికి గుర్రం పోటీ కదా! బండి తోలేవాడికి మోటారు కారు మీద ఎంత మంట ఉంటుందో గదబకు గుర్రం మీద అంత మంట అని ఆయన పోలిక చెప్పాడు.

ఇంతకీ కెరంగ్ అంటే ఏంటి?

కెరంగ్ అన్నది ఒక అడవి పొద పేరు. దాని బెరడు నుంచి తీసిన నారతో నేసిన బట్టకూ అదే పేరు. పని మొత్తం ఆడవాళ్లదే. అడవికి వెళ్లి కొమ్మలు కోసుకురావడం, బెరడు ఒలవడం, నార తీసి ఎండబెట్టడం, చేత్తో దారం వడకడం, రంగు వేయడం, చివరికి ఇంటి దగ్గర సాదా మగ్గం మీద నేయడం.. ఇన్ని మెట్లు ఉన్నాయి. ఏ మెట్టులోనూ మెషీన్ లేదు. కెరంగ్‌తోపాటు ఇంకొన్ని చెట్ల నార కూడా వాడేవాళ్లని పాత రాతల్లో ఉంది.

డిజైన్ అంటే అడ్డచారలు. ఏ చార ఎక్కడ రావాలన్నది ఇష్టం వచ్చినట్టు కాదు. థర్‌స్టన్ రాసిన ప్రకారం అంచులు తెలుపు, ఆ పక్కన నీలం పట్టీ, మధ్యలో ఎరుపు కలిసిన గోధుమ రంగు. ఆ మధ్య భాగంలో మళ్లీ సమానమైన దూరాల్లో సన్నటి తెల్ల చారలో, నీలం చారలో వస్తాయి. నడుముకు ఒక బట్ట, ఒంటి పైభాగానికి ఇంకో బట్ట. చెవులకు భుజాల దాకా వేలాడే ఇత్తడి తీగ చుట్లు, మెడలో లోహపు కడియాలు. ఇవన్నీ కలిస్తేనే గదబ ఆడపడుచు ముస్తాబు పూర్తయినట్టు.

జోసన్ దర్బారుతో పోలిస్తే తేడా ఇక్కడే ఉంది. అక్కడ ఎవరు ఏం కట్టాలో పైనుంచి రాజు చెప్పాడు. కుట్టింది ఒకరు, తొడిగింది ఇంకొకరు. ఇక్కడ రూల్ పెట్టుకున్నదీ, నేసిందీ, కట్టుకున్నదీ అదే మనిషి. చారల లెక్క తల్లి నుంచి కూతురికి వెళ్లింది. ఏ శాసనంలోనూ రాయలేదు.

సీతమ్మ శాపం కథ.. ఎవరు చెప్పారు?

కెరంగ్ గురించి ఎక్కడ చదివినా ఒక కథ తప్పక వస్తుంది. వనవాసంలో నారచీర కట్టిన సీతమ్మను చూసి గదబ ఆడవాళ్లు నవ్వారట. ‘ఇకనుంచి మీరూ నారబట్టలే కట్టాలి’ అని ఆమె శపించిందట. ఇంకో కథలో మారువేషంలో వచ్చిన దేవత మంచం మీద కాసేపు కూర్చుంటానంటే, బిచ్చగత్తెకు నేలే చోటు అని ఒక గదబ ఆడది కసురుకుందట. దాంతో శాపం తగిలిందట. ఈ రెండు కథలూ థర్‌స్టన్ పుస్తకంలోనే ఉన్నాయి.

ఒడిశాలోని మల్కనగిరి కొండల్లో ఉండే బోండా ఆడవాళ్ల గురించీ ఇలాంటిదే చెబుతారు. వాళ్లు నడుముకు ‘రింగ’ అనే పొట్టి బట్ట కడతారు. అదీ నారతో నేసిందే. తల గొరిగించుకుని, ఒంటి నిండా పూసల దండలు వేసుకుంటారు. స్నానం చేస్తున్న సీతమ్మను చూసి నవ్వినందుకే వాళ్లకు ఈ వేషం వచ్చిందని కథ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. అదే నారచీర సీతమ్మ కడితే త్యాగం అన్నాం. గదబ ఆడది కడితే శాపం ఎలా అయింది? అడవి నుంచి నార తెచ్చి, రంగు అద్ది, లెక్క ప్రకారం చారలు వేసి నేసిన బట్ట అది. చేతకాక కట్టుకున్నది కాదు. పత్తి బట్టే నాగరికం అనుకునేవాళ్ల కళ్లతో చూసినప్పుడే అది శిక్షలా కనిపిస్తుంది. ఈ కథను గిరిజనులు కూడా చెప్పుకుంటారు, నిజమే. కానీ టూరిస్టు గైడు నుంచి స్కూల్ పిల్లల ప్రాజెక్టు దాకా కెరంగ్ గురించి చెప్పాల్సింది శాపం ఒక్కటే అయితే, నేత పనితనం గురించి ఎవరికీ తెలియకుండా పోతుంది.

నేసేవాళ్లు ఒకరు, కట్టేవాళ్లు ఒకరు.. కోట్‌పాడ్ బట్ట

కొండల్లో అన్ని తెగలూ తమ బట్ట తామే నేసుకోలేదు. జయపురం నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో కోట్‌పాడ్ అనే ఊరు ఉంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్లు తరతరాలుగా పరజ, భత్ర, గదబ లాంటి తెగలకు పత్తి బట్టలు నేస్తున్నారు. ఇక్కడ రంగు అంతా ఒక చెట్టు వేరు నుంచి వస్తుంది. వాళ్లు ‘ఆల్’ అంటారు. మన తెలుగులో తొగరు చెట్టు.

ఈ రంగు వేయడం సహనానికి పరీక్ష. నూలును ఆముదం, పేడ, బూడిద నీళ్లతో మళ్లీ మళ్లీ పట్టించి, ఎండబెట్టి, ఆ తర్వాత వేరు పొడిలో ఉడికించాలి. రోజులకు రోజులు పడుతుంది. అద్దకం పని ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ముదురు ఎరుపు నుంచి కాఫీ రంగు దాకా వస్తుంది. రంగు వేయని తెల్ల నూలు మీద ఆ ఎరుపుతో పీత, చేప, శంఖం, గొడ్డలి, గొడుగు లాంటి బొమ్మలు నేస్తారు. చీర పొడవును మూరల్లో లెక్కపెడతారు. మోకాళ్ల దాకా వచ్చే 8 మూరల చీర నుంచి పాదాల దాకా వచ్చే 16 మూరల చీర వరకు ఉంటాయి. పొలం పనికి ఒకటి, పెళ్లికి ఒకటి.

2005లో కోట్‌పాడ్ చేనేతకు జీఐ ట్యాగ్ వచ్చింది. ఒడిశాకు వచ్చిన మొదటి జీఐ ఇదే. ఇక్కడి నేతగాడు గోవర్ధన్ పనికకు 2018లో పద్మశ్రీ ప్రకటించారు. ‘ది రాయల్ టైలర్’లో డోల్-సోక్ జీవితమంతా ఎదురుచూసిన గుర్తింపు లాంటిదే ఇది. కాకపోతే ఇప్పుడు కోట్‌పాడ్ చీరలు ఎక్కువగా వెళ్తున్నది సిటీ షోరూములకు, ఎగ్జిబిషన్లకు. ఒకప్పుడు వీటిని కట్టిన కొండ ఆడవాళ్లు సంతలో దొరికే మిల్లు చీరలకు మారారు. సహజ రంగుతో చేతినేత చీర ధర వాళ్లకు అందుబాటులో లేదు.

నియమగిరి కొండల్లో డోంగ్రియా కోందు ఆడవాళ్లది ఇంకో పద్ధతి. బట్ట బయట కొంటారు. దాని మీద సూదీ దారంతో త్రిభుజాలు, గీతలు కుడతారు. ఆ త్రిభుజాలు కొండలకు గుర్తు. ‘కపడగండ’ అనే ఈ శాలువాను మనసైనవాడికో, అన్నదమ్ములకో కానుకగా ఇస్తారు. వీళ్లకు రాజంటే దర్బారులో కూర్చునే మనిషి కాదు. కొండే రాజు, పేరు నియమరాజు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలు బాక్సైట్ గనికి వద్దని చెప్పింది ఈ కొండ కోసమే. ఈ శాలువాకు 2024 జనవరిలో జీఐ ట్యాగ్ దక్కింది.

మరి కెరంగ్ ఎందుకు తగ్గింది?

కారణం ఒక్కటి కాదు. మొదటిది టైమ్. నార తీసి, వడికి, రంగు వేసి, నేసే దాకా ఒక ఆడమనిషి ఎన్నో రోజులు కూర్చోవాలి. సంతలో మిల్లు చీర ఒకటి రెండు రోజుల కూలితో వస్తుంది. అదీ మెత్తగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది. నారబట్ట గరుకు. రోజూ కట్టుకునేవాళ్లకు ఈ లెక్క చాలా ముఖ్యం.

రెండోది అడవి. పోడు, ప్రాజెక్టులు, తోటలు పెరిగిన కొద్దీ నార కోసం నడవాల్సిన దూరం పెరిగింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. దాని జలాశయాల కింద గదబలు సహా పలు తెగల భూములు పోయాయి. ఊరు మారితే పొద ఎక్కడుందో తెలిసిన జ్ఞానమూ మారుతుంది.

మూడోది దారి. 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైల్వే లైన్ వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడం కోసం వేసిన లైన్ ఇది. ఖనిజం కిందికి దిగిన దారిలోనే మైదానం సరుకులు పైకి వచ్చాయి.

నాలుగోది చూపు. స్కూల్లో, ఆఫీసులో, బస్సులో ‘కొండోళ్లు’ అని వేలెత్తి చూపితే ఏ అమ్మాయి అదే బట్టతో మళ్లీ వెళ్తుంది? ఈ కారణాన్ని ఏ రిజిస్టరులోనూ రాయరు. కానీ బట్ట మారడంలో దీని వాటా తక్కువేం కాదు. చీర కట్టుకోవడం ఆ ఆడవాళ్ల ఇష్టం. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ‘అయ్యో సంప్రదాయం పోయింది’ అని బాధపడేవాళ్లు గరుకు నారబట్ట ఒక్కరోజు కట్టుకుని పొలం పని చేసి చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

అరకులో ఫొటోల డ్రెస్సు

ఇప్పుడు అరకు వెళ్తే గిరిజన వేషం ఇంకో రూపంలో కనిపిస్తుంది. పెదలబుడులోని గిరి గ్రామదర్శినిలో టూరిస్టులు గిరిజన చీరకట్టు, నగలతో ముస్తాబై ఫొటోలు దిగొచ్చు. గిరిజన పద్ధతిలో పెళ్లి తంతు కూడా జరిపించుకుంటున్నారు. రీల్స్ పుణ్యమా అని దీనికి క్రేజ్ బాగానే ఉంది. జోసన్‌లో మామూలు జనం పెళ్లిరోజు దర్బారు బట్టలు తొడిగేవాళ్లు కదా.. ఇక్కడ రివర్స్. సిటీ జంటలు ఒక్కపూట కొండ బట్టలు కడుతున్నారు.

ఇందులో తప్పేముంది అంటే.. సరదాలో తప్పు లేదు. కొన్ని కుటుంబాలకు నాలుగు డబ్బులు వస్తాయి కూడా. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఫొటో కోసం కట్టే ఆ చీర మామూలు పత్తి చీరే. థింసా బృందాలు కట్టే యూనిఫాం చీర లాంటిది. అది కెరంగ్ కాదు. ఈ కొండల్లో గదబలు, కొండదొరలు, బగతలు, కోందులు, పోర్జలు, వాల్మీకులు ఇలా చాలామంది ఉన్నారు. అందరికీ కలిపి ఒక్క ‘గిరిజన డ్రెస్సు’ అనేది ఎప్పుడూ లేదు.

రెండోది, చీర కట్టుకుని దిగే ఫొటోకూ, ఒక మనిషిని అడగకుండా తీసే ఫొటోకూ తేడా ఉంది. ఒడిశా వైపు ఒనకడెల్లిలో గురువారం సంతకు వచ్చే బోండా ఆడవాళ్లను ఏళ్ల తరబడి కెమెరాలు వెంటాడాయి. వాళ్లు సంతకు వచ్చేది అమ్ముకోవడానికి, కొనుక్కోవడానికి. కనిపించడానికి కాదు.

జీఐ ట్యాగ్ వస్తే కెరంగ్ బతుకుతుందా?

చాలామంది చెప్పే మాట ఇదే.. ‘జీఐ తెచ్చేస్తే సరి’. జీఐ అంటే ఒక ప్రాంతంలో, ఒక పద్ధతిలో తయారైన సరుకుకే ఆ పేరు వాడాలన్న చట్టపరమైన రక్షణ. 1999లో చట్టం చేశారు, 2003 నుంచి అమల్లో ఉంది. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి.

దీనివల్ల లాభం లేకపోలేదు. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో జీఐ వచ్చింది. గిరిజన సహకార సంస్థ కూడా రైతుల దగ్గర కాఫీ కొంటోంది. పేరుకు విలువ రావడం వల్ల రైతు బేరం ఆడే స్థితికి వచ్చాడు. కానీ కాఫీకి ఎకరాలకు ఎకరాల తోటలు ఉన్నాయి, వేలమంది రైతులు ఉన్నారు, రోజూ తాగేవాళ్లు ఉన్నారు. నారబట్టకు అవేవీ లేవు. జీఐ పేరును కాపాడుతుంది. చేతిని కాపాడదు. నేసే ఆమెకు రోజు కూలి కన్నా ఎక్కువ గిట్టకపోతే ఎన్ని ట్యాగులు కట్టినా మగ్గం ఆడదు.

కోట్‌పాడ్ అనుభవం కూడా అదే చెబుతోంది. అక్కడ బట్ట నిలబడింది. కానీ రంగునిచ్చే ఆల్ చెట్లు తగ్గడం నేతగాళ్లకు తలనొప్పిగా మారింది. బట్టను కాపాడాలంటే ముందు చెట్టును కాపాడాలి. కెరంగ్‌కూ ఇదే లెక్క. పొద లేకపోతే నార లేదు, నార లేకపోతే మ్యూజియంలో అద్దం వెనక ఉన్న ముక్కే మిగులుతుంది.

అరకు వెళ్లేవాళ్లు ఏం చేయొచ్చు?

అరకులో గిరిజన మ్యూజియం ఉంది. చాలామంది బయట ఫొటోలు దిగి, బోటింగ్‌కు వెళ్లిపోతారు. ఈసారి లోపలికి వెళ్లండి. బట్టలు, నగలు ఉన్న చోట కాసేపు ఆగండి. ఎవరి బట్ట ఏది, ఏ నగ ఏ తెగది అన్నది అక్కడి సిబ్బందిని అడగండి.

కొనేటప్పుడు ‘ఇది ఎవరు నేశారు, ఎక్కడిది’ అని అడగండి. కోట్‌పాడ్ అని చెప్పి అమ్మే మిల్లు ప్రింట్లు ఉంటాయి. సహజ రంగులో ముదురు ఎరుపు, గోధుమ, నలుపు, తెలుపు తప్ప పచ్చ, గులాబీ లాంటి మెరుపు రంగులు రావు. నిజమైన చేతినేత దొరికితే ధర దగ్గర గీచి గీచి బేరం ఆడొద్దు. ఒక్క చీర వెనక ఎన్నో రోజుల పని ఉంది.

ఫొటో తీయాలనిపిస్తే ముందు అడగండి. వద్దంటే ఊరుకోండి.

‘ది రాయల్ టైలర్’ చూసినవాళ్లంతా ఇద్దరు దర్జీల్లో ఎవరు గొప్ప అని వాదించుకుంటారు. మన కొండల్లో అడగాల్సిన ప్రశ్న వేరు. కెరంగ్ నేయడం తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఎక్కడైనా ఉంటే, ఆ చారల లెక్క వాళ్ల మనవరాళ్లకు అందేలా ఎవరు చూస్తారు? శ్రమకు తగ్గ కూలీ ఎవరు ఇస్తారు? గిరిజన సంక్షేమ శాఖ, టూరిజం శాఖ, యూనివర్సిటీలు అన్నీ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. ఆ పెద్దవాళ్లు ఉండగానే చెబితే మంచిది.